హస్తలాఘవమా, చేతివాటమా, కనికట్టా?

ప్రశ్న:

పెద్దలకు నమస్కారం. రెండు నెలలుగా పేకముక్కలతో మ్యాజిక్ నేర్చుకుంటున్నాను. గురువు లేడు, పుస్తకాలే దిక్కు. అవన్నీ ఇంగ్లీషువి కాబట్టి చదివినదాన్ని తెలుగులో నోట్సు రాసుకుంటున్నాను. మొదటి పేజీ మీద శీర్షిక దగ్గరే ఆగిపోయాను. చేతి నేర్పుతో మాయ చెయ్యడాన్ని ఇంగ్లీషులో 'స్లైట్ ఆఫ్ హ్యాండ్' అంటారు, దానికి మన మాట ఏది? నిఘంటువు హస్తలాఘవం అంటోంది. ఆ మాట పెద్దక్షరాలతో రాసి ఇంట్లో టేబుల్ మీద పెడితే, చూసిన మా అక్క "ఎవరి జేబు కొట్టడానికిరా?" అంది. చేతివాటం అని రాస్తే ఇంకా అన్యాయం. కనికట్టు అంటే మంత్రగాడిలా ఉంటుంది. ఏం చెయ్యమంటారు?

జవాబు:

మీ అక్కగారి తప్పేం లేదు. "బస్సులో హస్తలాఘవం", "దుకాణంలో చేతివాటం" అని వార్తల్లో చదివి చదివి ఆ రెండు మాటలకీ దొంగతనం అంటుకుపోయింది. కానీ హస్తలాఘవం పుట్టుకతో దొంగ కాదు. వాత్స్యాయనుడు కామసూత్రాల్లో చెప్పిన అరవై నాలుగు కళల జాబితాలో ఐంద్రజాలం ఒకటి, హస్తలాఘవం ఒకటి, విడివిడిగా ఉన్నాయి. అంటే అప్పటికే మాయ వేరు, చేతి పనితనం వేరు అన్న ఎరుక ఉంది.

లాఘవం అంటే లఘుత్వం, తేలికదనం. ఫ్రెంచి నుంచి ఇంగ్లీషుకు వెళ్ళిన 'లెజర్‌డిమెయిన్' అనే మాటను విడదీస్తే అచ్చంగా "తేలికైన చెయ్యి" అనే వస్తుంది. హస్తలాఘవానికి అది కవల. 'స్లైట్' దారి వేరు. పాత నార్స్ భాషలో జిత్తులమారితనం అనే అర్థమున్న మాట నుంచి వచ్చింది, 'స్లై'కి చుట్టం. కాబట్టి నేర్చుకునేవాడికి మన మాటే మర్యాదైనది. నిస్సంకోచంగా హస్తలాఘవం అని రాసుకోండి.

ఇంకొక సంగతి. 1902లో ఎస్. డబ్ల్యూ. ఎర్డ్‌నేస్ అనే మారుపేరుతో వచ్చిన 'ది ఎక్స్‌పర్ట్ ఎట్ ది కార్డ్ టేబుల్' చూశారా? అందులో మొదటి భాగం జూదపు బల్ల దగ్గరి పనితనం, రెండో భాగం లెజర్‌డిమెయిన్. అవే చేతులు, అవే వేళ్ళు. డబ్బు పెట్టి ఆడేచోట ఒక పేరు, వినోదానికి చూపేచోట ఇంకో పేరు. మనకూ చేతివాటం, హస్తలాఘవం అలా పంచుకుంటే బాగుండేది. వార్తలు రాసేవాళ్ళు సాగనివ్వలేదు.

మరొకరు:

మాస్టారూ, చిన్న అభ్యంతరం. లఘు అంటే తేలిక ఒక్కటే కాదు. అమరం, అంటే అమరకోశమనే సంస్కృత నిఘంటువు, చిన్నప్పుడు వల్లెవేసినవాళ్ళకు గుర్తుంటుంది: "శీఘ్రం త్వరితం లఘు క్షిప్రమరం ద్రుతమ్". అక్కడ లఘు అంటే వేగమే. అరణ్యకాండలో ఖరుడి సేనతో యుద్ధం చూడండి. రాముడు బాణం తియ్యడం రాక్షసులకు కనబడలేదు, వదలడం కనబడలేదు, విల్లు లాగుతూ ఉండడం మాత్రమే కనబడింది. హస్తలాఘవం అంటే అదీ. వేగం తీసేస్తే ఆ మాటలో ఇంకేం మిగులుతుంది?

అడిగినవారు:

సార్, నన్ను ముంచింది ఆ వేగమే! మొదటి నెలంతా అలాగే అనుకున్నాను. పైన ఉన్న రెండు ముక్కల్ని ఒకే ముక్కలా ఎత్తి చూపించడం ఒకటుంది, డబుల్ లిఫ్ట్ అంటారు. దాన్ని రెప్పపాటులో లాగేస్తే ఎవరికీ కనబడదనుకున్నాను. అక్క ముందు చేశాను. తను ముక్క వైపు కూడా చూడలేదు. "ఇప్పుడెందుకు అంత కంగారు పడ్డావు?" అంది. అంతవరకూ మామూలుగా నడిచిన చెయ్యి ఒక్కచోట ఉరికితే, అనుమానం సరిగ్గా ఆ చోటికే వెళ్తుంది.

మళ్ళీ పుస్తకం తీశాను. ఒక ముక్కని ఎలా తిప్పుతావో ముందు గమనించుకో, రెండు ముక్కల్నీ అంతే తీరుగా, అంతే నెమ్మదిగా తిప్పు అని ఉంది. మొదటిసారి చదివినప్పుడు ఆ వాక్యాన్ని దాటేశాను. ఇప్పుడు పేకని ఎడమచేతిలో పెట్టుకుని, పై రెండు ముక్కల కింద చిటికెనవేలి కొసతో వెంట్రుకవాసి సందు ముందే పట్టి ఉంచుతున్నాను, పుస్తకాల్లో దాన్ని బ్రేక్ అంటారు. ఆ సందు ఉంటే ఎత్తేటప్పుడు వెతుక్కోనక్కర్లేదు. వెతుకులాట లేకపోతే కంగారూ ఉండదు. నా అనుభవానికి మాస్టారు చెప్పిన "తేలిక"నే సరిపోయింది.

జవాబు:

చూశారా, నేను వాదించాల్సింది మీరే వాదించేశారు. అమరం తప్పని నేననను. విలుకాడి లాఘవానికి వేగం కావాలి, అవతల శత్రువున్నాడు. పేక చేతిలో ఉన్నవాడి ముందున్నది ప్రేక్షకుడు. వాడికి కనబడాల్సింది మామూలుతనం. "ఎంత లాఘవంగా తప్పించుకున్నాడో" అని ఈనాటి తెలుగులో అన్నప్పుడు పరుగు గుర్తొస్తుందా, నేర్పు గుర్తొస్తుందా?

కనికట్టుని కూడా పారెయ్యకండి. కను, కట్టు, అంతే. కళ్ళకు గంత కట్టడం. హస్తలాఘవం చేతి పని, కనికట్టు చూపు పని. ముక్క మార్చే క్షణంలో ఎదుటివాడి మొహంలోకి చూసి ఒక ప్రశ్న వేస్తే అతని చూపు మీ చేతుల మీంచి లేస్తుంది. పుస్తకాల్లో మిస్‌డైరెక్షన్ అని పెద్ద అధ్యాయం ఉండేది దీనికోసమే. దానికి కనికట్టుని మించిన మాట నాకు తోచదు.

మరొకరు:

నేను ఎడమచేతి వాటం మనిషిని, నేనూ పుస్తకాలు చూసి పేక మ్యాజిక్ నేర్చుకున్నాను. చేతివాటాన్ని మీరంతా దొంగల పాలు చేస్తుంటే బాధగా ఉంది. వాటం అంటే అనువు, ఒరవడి. గాలివాటం అంటాం, "కత్తి వాటంగా పట్టుకో" అంటాం. పుస్తకాల్లో 'గ్రిప్' అని వచ్చినచోటల్లా నేను వాటం అని రాసుకున్నాను. ముక్కలు పంచడానికి పట్టే పట్టు, చూపుడువేలు ముందంచు మీద, మిగతా మూడు వేళ్ళు పక్కన, బొటనవేలు పైన, అది "పంచే వాటం". ఇంగ్లీషులో మెకానిక్స్ గ్రిప్ అంటారు.

ఇక మా బాధ. పుస్తకాలన్నీ కుడిచేతివాళ్ళ కోసమే రాస్తారు. ప్రతి వాక్యంలో కుడిని ఎడమగా మార్చుకుంటూ చదవాలి. అయినా పేక సహకరించదు. అంకె, గుర్తు రెండు మూలల్లోనే ఉంటాయి. మామూలు పేకని మా వైపు నుంచి విసనకర్రలా విప్పితే అంకెలు దాక్కుని తెల్లటి మూలలే కనిపిస్తాయి. చివరికి కొన్ని పనులు కుడిచేత్తోనే నేర్చుకున్నాను.

అడిగినవారు:

"పంచే వాటం" నోట్సులోకి ఎక్కించేశాను మేడమ్. చేతుల మాట వచ్చింది కాబట్టి నా పరువు తీసిన సంగతి కూడా చెప్తాను. ఒక పుస్తకంలో ఎక్కడ చూసినా థర్డ్ ఫింగర్ అని ఉంది. మనకు ఐదు వేళ్ళు కదా, బొటనవేలి నుంచి లెక్కపెట్టి మూడోది నడిమివేలు అనుకున్నాను. పది రోజులు ప్రయత్నిస్తే ముక్కలు జారి నేలంతా పరుచుకున్నాయి. వాళ్ళ లెక్కలో బొటనవేలు వేలే కాదట! ఫస్ట్ ఫింగర్ అంటే చూపుడువేలు, థర్డ్ అంటే ఉంగరపు వేలు. ఇప్పుడు అంకెలు వదిలేసి వేళ్ళను పేర్లతోనే రాస్తున్నాను.

మిగతావి ఇలా అనుకున్నాను, దిద్దండి. ఫోర్స్ అంటే తనే ఎంచుకున్నాననుకునేలా మనకు కావలసిన ముక్కని ఎదుటివాడికి అంటగట్టడం. పామ్ అంటే అరచేతిలో దాచడం. ఫాల్స్ షఫుల్, అంటే ముక్కలు కలిపినట్టు నటించడం, దాని దగ్గర మాత్రం ఇరుక్కుపోయాను.

జవాబు:

"అంటగట్టడం" అద్భుతం, ముట్టుకోకండి. ఫాల్స్ షఫుల్‌కి మన దగ్గర తయారుగా ఉంది కదండీ. దొంగ నిద్ర, దొంగ ఏడుపు, దొంగ జ్వరం. వాటి వరసలోనే దొంగ కలపడం, పేక కోసినట్టు నటిస్తే దొంగ కోత. దొంగ అన్న మాట ముందు చేరిందంటే పైకి అంతా నిజంలాగే ఉందని అర్థం. నామవాచకం కావాలని "దొంగకలుపు" అన్నారో, జనం పొలంలో గడ్డి పీకడానికి దిగుతారు. "దొంగ కలపడం" అనే ఉంచండి.

మరొకరు:

ఇంత శ్రమ ఎందుకని నాకో చిన్న సందేహం. కళావరు డచ్చివాళ్ళ క్లావర్, ఆఠీను వాళ్ళ హార్టెన్. పేకలో సగం అరువే. బ్రేక్‌ని బ్రేక్ అంటే కొంప మునుగుతుందా?

అడిగినవారు:

మునగదు సార్. కానీ బ్రేక్ అని రాసుకున్న రోజుల్లో ఏదో విరవాలేమో అన్నట్టు చిటికెనవేలిని గట్టిగా దూర్చేవాణ్ణి. సందు అని రాసుకున్నాక చెయ్యి దానంతటదే వదులైంది. నిజమో భ్రమో తెలీదు, ముక్కలు మాత్రం జారడం తగ్గాయి.

ఆఖరి ప్రశ్న. ముక్కలు కలిపేటప్పుడు ఒక్క ముక్కని కొంచెం మన వైపుకి పొడుచుకొచ్చేలా వదులుతారు, తర్వాత వేలితో తడిమి గుర్తుపట్టడానికి. దాన్ని ఇంజాగ్ అంటారు. దీనికేమైనా ఉందా?

జవాబు:

ముక్కకు ముక్కు అనుకోండి.