మందు నిరోధకతను పుట్టిస్తుందా, ఏరుతుందా? క్లామిడోమోనాస్‌పై చర్చ

సింధూర72:
క్లామిడోమోనాస్ రైన్‌హార్టై అనే ఏకకణ ఆకుపచ్చ శైవలంలో, స్ట్రెప్టోమైసిన్ అనే యాంటిబయాటిక్‌కు నిరోధకత రెండు దారుల్లో సంక్రమిస్తుందని 1954లో జన్యుశాస్త్రవేత్త రూత్ సాగర్ చూపారు. కేంద్రక జన్యువు ద్వారా వస్తే నాలుగు సంతాన కణాల్లో రెండింటికే వస్తుంది (2:2). రెండో రకం క్లోరోప్లాస్ట్ (కణంలోని పచ్చని భాగం) జన్యువుది, అది ‘ప్లస్’ జతరకం (జతకట్టే రెండు రకాల్లో ఒకటి) నుంచి నాలుగింటికీ వస్తుంది. ఈ రెండో రకానికి స్ట్రెప్టోమైసినే మ్యుటేషన్ కారకమని 1962లో ఆమే ప్రతిపాదించారు. నా వాదనా అదే. మందు తగలకముందు ఆ కణాలు కనబడవు కదా!

రైబో70:
మందు ఆ పని ఎలా చేస్తుందండీ? స్ట్రెప్టోమైసిన్ కూర్చునేది బ్యాక్టీరియాలోనూ క్లోరోప్లాస్ట్‌లోనూ ప్రోటీన్లు తయారుచేసే 70ఎస్ రైబోజోమ్ చిన్న భాగంలో, 16ఎస్ ఆర్ఎన్ఏకు, ఎస్12 ప్రోటీన్‌కు దగ్గర. అక్కడినుంచి తప్పు టీఆర్ఎన్ఏను (అమైనో ఆమ్లాన్ని మోసుకొచ్చే అణువును) కూడా లోపలికి రానిస్తుంది. బ్యాక్టీరియాలో అయితే, అలా తప్పుగా తయారైన పాలిమరేజ్ (నకలు తీసే ఎంజైము) డీఎన్ఏనూ తప్పుగా నకలు చేస్తుందని వాదించవచ్చు. కానీ క్లోరోప్లాస్ట్ డీఎన్ఏను నకలు చేసే ప్రోటీన్లు కేంద్రక జన్యువులవి. వాటిని సైటోప్లాజంలోని 80ఎస్ రైబోజోములు తయారుచేసి లోపలికి పంపుతాయి.

ముందు ఎందుకు కనబడవంటే, క్లోరోప్లాస్ట్‌లో దాని మొత్తం డీఎన్ఏకు సుమారు 80 ప్రతులున్నాయి, ఒక్కోదానిలో 16ఎస్ జన్యువు రెండుసార్లు ఉంటుంది. 160లో ఒకటి మారినంత మాత్రాన కణం మందును తట్టుకోదు. మందు పట్టిన రైబోజోము ఎంఆర్ఎన్ఏ మీద అడ్డం పడితే, వెనకొచ్చే మంచి రైబోజోమూ ఆగుతుంది. విభజన మీద విభజన జరిగి మారిన ప్రతులు ఒకచోట చేరాలి. కొద్ది మోతాదు మందు ఆ చేరికను ఏరుతుంది, అంతే.

సింధూర72:
పాలిమరేజ్ సంగతి ఒప్పుకుంటాను. కానీ కిరణజన్య సంయోగక్రియలో వెలుతురును వాడుకునే ఫోటోసిస్టమ్-2లోని డీ1 ప్రోటీన్‌ను తయారుచేసేది క్లోరోప్లాస్టే. వెలుతురులో అది పాడవుతూ, కొత్తది వస్తూ ఉండాలి. మందు ఆ తయారీని ఆపితే రియాక్టివ్ ఆక్సిజన్ (కణాన్ని దెబ్బతీసే చురుకైన ఆక్సిజన్ రూపాలు) పెరుగుతుంది, అది డీఎన్ఏను తాకదా?

ప్లేటుపని:
దాన్ని పరీక్షించవచ్చు. మందు ప్రభావాన్నీ, నిరోధక కణాలను ఏరడాన్నీ విడదీయండి. కొద్ది మోతాదు స్ట్రెప్టోమైసిన్‌లో పెంచి, కడిగి, మందులేని టాప్ మీడియంలో (ఎసిటేట్ ఉన్న పోషక ద్రవంలో) 8–10 విభజనలు జరగనిచ్చి, స్పెక్టినోమైసిన్ అనే మరో యాంటిబయాటిక్ 100 మైక్రోగ్రాములు/మి.లీ. ఉన్న ప్లేట్ల మీద పరచండి. రెండు మందులూ 16ఎస్‌నే పట్టినా, వేర్వేరు చోట్ల పడతాయి. స్ట్రెప్టోమైసిన్ నిజంగా మ్యుటేషన్లు కలిగిస్తే, తాను ఏరని స్పెక్టినోమైసిన్ నిరోధకత కూడా పెరగాలి. అదే పెంపకాన్ని చీకట్లోనూ చేయండి. టాప్‌లోని ఎసిటేట్ మీద ఈ శైవలం చీకట్లోనూ పెరుగుతుంది. చీకట్లో తేడా పోతే, మీ వెలుతురు వాదన నిలుస్తుంది.

సాధారణంగా దెబ్బతినేది ఇక్కడే: ప్లేటు మీద కణాలు ఒత్తుగా పడితే చనిపోయేవి కూడా పచ్చని పొరలా కనిపిస్తాయి, దాన్ని కాలనీలుగా లెక్కేస్తారు. మందును అగార్ 55 డిగ్రీలకు చల్లారాకే కలపండి. ప్రతి కాలనీని మందు ప్లేట్ల మీద కనీసం మూడుసార్లు ఒంటి కాలనీగా గీయండి. తర్వాత 16ఎస్ ముక్కను పీసీఆర్‌లో (డీఎన్ఏ ముక్కకు చాలా నకళ్లు తీసే పద్ధతిలో) పెంచి, డీఎన్ఏను ఒక నిర్దిష్ట వరుస దగ్గరే కోసే ఏఏటీ-2 ఎంజైముతో కోయండి. స్పెక్టినోమైసిన్ చోటు (ఇ.కోలై బ్యాక్టీరియా 16ఎస్ లెక్కలో 1192వ స్థానం పరిసరం) మారితే ఆ కోత చోటు పోతుంది. సగం కోసి సగం వదిలితే పాత ప్రతులు ఇంకా ఉన్నట్టు. పక్కన మామూలు రకం డీఎన్ఏ పూర్తిగా కోసుకుంటేనే ఆ మాట నమ్మండి, లేకపోతే ఎంజైము పని చేయలేదనే అర్థం.

రైబో70:
ఒక్కటి చేర్చాలి. రెండు మందులకూ తట్టుకునే కాలనీలను లెక్కలోంచి తీసేయండి. ల్యాబులో ఏఏడీఏ అనే నిరోధక జన్యువున్న రకాలు ఉంటే అవే కలిసిపోయి ఉండవచ్చు, ఆ జన్యువు ఇచ్చే ఎంజైము రెండు మందుల్నీ పనిచేయకుండా మార్చేస్తుంది.