కొండల దిగువన సరస్సు ఒడ్డున క్యాబిన్‌లో రెండు రాత్రులు: ఏ క్యాబిన్ ఎంచుకోవాలి, ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

ప్రశ్న

వచ్చే నెలలో మేము కొండల దిగువన ఉన్న ఒక జలాశయం ఒడ్డున, సందర్శకులకు అద్దెకిచ్చే చెక్క క్యాబిన్‌లో రెండు రాత్రులు ఉండాలనుకుంటున్నాము. మాతో డెబ్బై ఏళ్లు దాటిన మా అత్తగారు, తొమ్మిదేళ్ల పాప, ఆరేళ్ల బాబు వస్తున్నారు. అత్తగారు నేల మీద పడుకొని లేవలేరు కాబట్టి టెంటు ఆలోచన మానుకున్నాము. క్యాబిన్‌లో ఉన్నది ఒకటే గది. బంక్ మంచాలు, పరుపులు, ఒక దీపం ఉంటాయని, పక్కబట్టలు మనమే తెచ్చుకోవాలని, మరుగుదొడ్లూ స్నానాల గదులూ అందరికీ ఉమ్మడిగా విడిగా ఉంటాయని వివరాలలో రాశారు.

ప్రస్తుతం రెండు క్యాబిన్‌లు ఖాళీగా ఉన్నాయి. ఒకటి దాదాపు నీటి అంచున, పల్లంలో ఉంది. రెండవది వాలు మీద, ఒడ్డుకు ఐదు నిమిషాల నడక దూరంలో ఉంది. పిల్లలు మొదటిదే కావాలంటున్నారు. ఈ రెండింటిలో ఏది మంచిది? రాత్రి చలికి లోపల చిన్న గ్యాస్ హీటర్ వెలిగించుకోవచ్చా? పిల్లలను నీటిలోకి దింపవచ్చా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం 1

నేనైతే వాలు మీది క్యాబిన్‌నే తీసుకుంటాను. మబ్బు లేని, గాలి కదలని రాత్రి కొండవాలు నేల త్వరగా చల్లబడుతుంది. దాన్ని ఆనుకొని ఉన్న గాలి కూడా చల్లబడి, బరువెక్కి, నీరు పల్లమెరిగినట్లే కిందికి జారి లోయ అడుగున నిలిచిపోతుంది. అందువల్ల తెల్లవారుజామున పల్లంలో ఉన్న క్యాబిన్ కన్నా కాస్త ఎత్తున, వాలు నడుమ ఉన్న క్యాబిన్ వెచ్చగా ఉండటం సాధారణమే. ఎత్తుకు వెళ్లేకొద్దీ చలి పెరుగుతుందన్న మాట నిజమే కానీ, ఆ తేడా సగటున వెయ్యి మీటర్లకు సుమారు 6.5 డిగ్రీలు. ఐదు నిమిషాల నడక దూరానికి అది లెక్కలోకి రాదు. పైగా నీటి అంచున మంచు ఎక్కువగా కురుస్తుంది, దోమలూ ఎక్కువే.

ఇంకొక విషయం ఉంది. కొండల దిగువన ఉండే ఇటువంటి సరస్సులలో చాలావరకు ఆనకట్ట కట్టగా ఏర్పడినవే. సాగుకో విద్యుత్తుకో నీరు వదిలేకొద్దీ మట్టం దిగిపోయి, ‘నీటి అంచున’ అని చెప్పిన క్యాబిన్ ముందు బురద వాలు మాత్రమే మిగలవచ్చు. డబ్బు కట్టే ముందు ప్రస్తుత నీటిమట్టం ఎంత, పడవలు దించే చోటు పనిచేస్తున్నదా అని నిర్వాహకులను అడగండి. ఆ రెండు ప్రశ్నలకు వచ్చే జవాబే ఒడ్డు పరిస్థితిని చెప్పేస్తుంది.

సమాధానం 2

పైవారు చెప్పిన చలి సంగతితో నేను ఏకీభవిస్తాను కానీ, మీ విషయంలో దానికన్నా ముఖ్యమైనది మరొకటి ఉందని నా అభిప్రాయం. పెద్దవారు రాత్రి రెండు మూడు సార్లు లేవవలసి వస్తుంది. ఏ క్యాబిన్ నుంచి మరుగుదొడ్డి దగ్గర, దారిలో మెట్లున్నాయా, దీపాలున్నాయా, గుమ్మం ముందు మెట్టు ఎంత ఎత్తు అన్నవే మొదట చూడండి. చలికి దుప్పట్లు ఉన్నాయి. చీకటిలో కాలు జారితే చేయగలిగేది తక్కువ. అత్తగారికి కింది మంచం ఇచ్చి, తలకు కట్టుకునే టార్చి ఒకటి ఆవిడ కోసమే కేటాయించండి. చేతులు రెండూ ఖాళీగా ఉంటాయి కాబట్టి పట్టుకొని నడవడానికి వీలవుతుంది.

సమాధానం 3

హీటర్ విషయంలో మాత్రం మీకు గట్టిగా చెప్పదలచుకున్నాను: గ్యాస్ హీటర్ గానీ, వంట స్టవ్ గానీ, బొగ్గుల కుంపటి గానీ క్యాబిన్ లోపల వెలిగించవద్దు. కొన్నేళ్ల క్రితం వానకు తడిసి వచ్చి, నిప్పు ఆరిపోయిందనుకొని బొగ్గుల పొయ్యిని గది లోపల మూలకు పెట్టాము. అర్ధరాత్రి మా అమ్మాయి తలనొప్పి, వికారంతో లేచి ఏడవడం వల్లనే మేమందరం మేలుకున్నాము. తలుపు తీసి బయటికి వచ్చేసరికి నాకూ కాళ్లు తూలుతున్నాయి. ఆ రాత్రిని తలచుకుంటే నాకు ఇప్పటికీ భయం వేస్తుంది.

బొగ్గు, గ్యాస్ సరిగా మండనప్పుడు వెలువడే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. అది రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు మించిన బలంతో పట్టుకుంటుంది. నిద్రలో ఉన్నవారికి తెలిసేలోపే స్పృహ తప్పవచ్చు. కిటికీ కొద్దిగా తెరిస్తే సరిపోతుందని కొందరు చెబుతారు. ఆ మాట నమ్మకండి. మంట కనిపించకపోయినా బొగ్గు గంటల తరబడి ఈ వాయువును విడుదల చేస్తూనే ఉంటుంది. ఈ వాయువును పసిగట్టి మోగే, బ్యాటరీతో పనిచేసే అలారం చిన్న పెట్టెలో పట్టేస్తుంది, అది తప్పక తీసుకెళ్లండి. క్యాబిన్‌లో స్థిరంగా బిగించిన విద్యుత్ హీటర్ ఉందేమో అడగండి. లేకపోతే మూత బిగుతుగా ఉన్న సీసాలో వేడినీళ్లు పోసి, గుడ్డ చుట్టి, పాదాల దగ్గర పెట్టుకోవడం చక్కగా పనిచేస్తుంది.

సమాధానం 4

నీటి గురించి నేను చెబుతాను. ఎండ కాస్తున్నప్పుడు సరస్సు పైపొర మాత్రమే వేడెక్కుతుంది. వెచ్చని నీరు తేలిక కనుక పైనే నిలుస్తుంది, లోతున చల్లని నీరు అలాగే ఉండిపోతుంది. మోకాలి లోతులో హాయిగా అనిపించిన నీరు కొంచెం లోపలికి వెళ్లగానే ఒళ్లు కొరికేంత చల్లగా ఉండటానికి కారణం ఇదే. 15 డిగ్రీల కన్నా చల్లని నీటిలో ఒక్కసారిగా పడితే మనిషి తనకు తెలియకుండానే గట్టిగా ఊపిరి పీల్చుతాడు. ఆ క్షణంలో ముఖం నీటిలో ఉంటే ఈత వచ్చినవారికైనా ప్రమాదమే. ఒడ్డున ఆడుతున్నా సరే, పిల్లలకు ఒంటికి సరిపడే లైఫ్ జాకెట్ ఉండాలి. గాలి నింపిన ట్యూబులు దానికి బదులు కావు. పగలు గాలి సాధారణంగా నీటి మీది నుంచి ఒడ్డుకు వీస్తుంది, పొద్దు వాలాక దిశ మారి కొండ మీది నుంచి నీటి వైపు వీస్తుంది. తేలుతున్న ట్యూబును ఆ గాలి సరస్సు నడిమికి లాక్కుపోతుంది. కాబట్టి సాయంత్రం ముందే పిల్లలను బయటికి రప్పించండి.

నీటిపై పచ్చరంగు పోసినట్లు తెట్టు కనిపిస్తే ఎవరూ దిగకూడదు. కొన్ని నీలి ఆకుపచ్చ శైవలాలు విషాన్ని విడుదల చేస్తాయి, మరిగించినా ఆ విషం పోదు. కుక్కను తీసుకెళ్లేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే అది నీళ్లు తాగడమే కాక ఒంటి మీది తెట్టును కూడా నాకుతుంది. ఉరుము వినిపిస్తే వెంటనే ఒడ్డుకు చేరి, చివరి ఉరుము తరువాత 30 నిమిషాలు ఆగాకే మళ్లీ దిగాలి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. నిర్వాహకులకు ఫోన్ చేశాను. మరుగుదొడ్లు వాలు మీది క్యాబిన్‌కే దగ్గరట, దారిలో మెట్లు కూడా లేవట. నీటిమట్టం ఇప్పటికే చాలా దిగిందని వారే చెప్పారు. అందువల్ల రెండవదే ఖాయం చేసుకున్నాము. హీటర్ తీసుకెళ్లడం లేదు. ఆహార పదార్థాలను రాత్రి క్యాబిన్‌లోనే ఉంచుకోవచ్చా?

సమాధానం 2

అక్కడ ఏ జంతువులు తిరుగుతాయో దాన్ని బట్టి నియమం మారుతుంది. ఎలుగుబంట్లు ఉన్న చోట ఇనుప పెట్టెలు ఏర్పాటు చేస్తారు, తిండి ఒక్కటే కాక సబ్బు, టూత్‌పేస్టు కూడా వాటిలోనే పెట్టాలి. అవి లేని చోట గట్టి మూత ఉన్న డబ్బాలలో పెట్టి లోపలే ఉంచుకోవచ్చు. ఎలుకలకు పల్చటి సంచులు అడ్డు కావు. చెత్తను మాత్రం వరండాలో వదలకుండా, పడుకునే ముందే చెత్తకుండీలో వేసి మూత బిగించి రండి.