అప్‌డేట్: హనోయ్‌లో మొదటి రోజు గడిచింది

ఒంటరిగా వియత్నాం రాజధాని హనోయ్ వెళ్తున్నాను, శాకాహారిని, మొదటి రోజు ఎలా గడపాలి అని పోయిన వారం అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ చాలా థ్యాంక్స్. నిన్న క్షేమంగా చేరాను.

మీరు చెప్పినట్టే నోయ్ బాయ్ ఎయిర్‌పోర్ట్ నుంచి 86 నంబర్ బస్సు ఎక్కి ఓల్డ్ క్వార్టర్ (పాత బస్తీ) దగ్గర దిగాను. అసలు టెన్షన్ రోడ్డు దాటేటప్పుడే. బైకులు ఆగవు. పది నిమిషాలు అంచునే నిలబడిపోయాను. చివరికి కూరగాయల బుట్టతో ఒక పెద్దావిడ నన్ను చూసి, మోచెయ్యి పట్టుకుని అడుగులో అడుగు వేస్తూ దాటించింది. బైకులే మా పక్క నుంచి తప్పుకుని వెళ్లాయి. పరుగెత్తకూడదు, వెనక్కి తగ్గకూడదు. ఆమె చెయ్యి వదిలాక కూడా నా గుండె దడ తగ్గలేదు.

ఒక జాగ్రత్త మాత్రం తప్పకుండా చెప్పాలి. ఇక్కడి డబ్బు డాంగ్. 20,000 డాంగ్‌ల నోటు, 5,00,000 నోటు రెండూ నీలం రంగే. కాఫీకి పెద్ద నోటు ఇచ్చేశాను, కొట్టు అమ్మాయే పిలిచి వెనక్కి ఇచ్చింది. ఇప్పుడు వాటిని వేర్వేరు జేబుల్లో పెడుతున్నాను.

తిండికి 'చాయ్' అనే మాట కాపాడింది. వాళ్ల భాషలో శాకాహారం అని అర్థం. ఆ బోర్డు ఉన్న చోట అన్నం, టోఫు, ఆకుకూర తిన్నాను. మామూలు హోటల్లో అయితే కూరల్లో కూడా చేపల సాస్ పడుతుంది, అడిగి తినండి.

సాయంత్రం హోన్ కీమ్ చెరువు గట్టున కూర్చుని, ఎర్ర వంతెన మీద దీపాలు వెలిగేదాకా చూశాను. అమ్మకి వీడియో కాల్‌లో చూపించాను. రేపు సాహిత్య ఆలయం (టెంపుల్ ఆఫ్ లిటరేచర్ అనే పాత కన్ఫ్యూషియస్ గుడి) చూడాలి.