కొత్త ఆపరేటర్‌కు కథ చెప్పాలా, కార్డు ఇవ్వాలా?

ప్యాకింగ్ హాల్ (జీడిమెట్ల):
మిత్రులకు నమస్కారం. నేను ఒక మందుల తయారీ యూనిట్‌లో ట్రైనింగ్ చూస్తాను. కొత్త ఆపరేటర్లకు లైన్ క్లియరెన్స్ నేర్పడం నా పనుల్లో ఒకటి. ఒక బ్యాచ్ ప్యాకింగ్ ముగిశాక, తర్వాతి బ్యాచ్ మొదలుపెట్టే ముందు, పాత బ్యాచ్ మాత్ర గానీ ఫాయిల్ ముక్క గానీ కార్టన్ గానీ లైన్ మీద ఎక్కడా మిగలలేదని చూసి సంతకం చేయడాన్నే లైన్ క్లియరెన్స్ అంటారు. మా ఎస్‌ఓపీ, అంటే ఆ పని ఎలా చేయాలో వరుసగా రాసిన పత్రం, 14 పేజీలు, అదీ ఇంగ్లిషులో. ఆ పని చేయవలసినవారిలో సగం మంది తెలుగు మీడియంలో పదో తరగతి చదివినవారు, మిగిలినవారు ఒడిశా, బీహార్‌ల నుంచి వచ్చినవారు. నాకిచ్చేది గంటన్నర. ఆ సమయంలో, గతంలో జరిగిన పొరపాట్లను కథలుగా చెప్పడం మేలా, లేక జాబ్ ఎయిడ్, అంటే మెషీన్ పక్కన పెట్టుకుని చూస్తూ పని చేసుకునే ఒక పేజీ బొమ్మల కార్డు, చేతికిచ్చి సాధన చేయించడం మేలా అన్నది మా విభాగంలో తేలని వాదన. మా పెద్దసారు దృష్టిలో కథలు కాలక్షేపం. అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

నీతికథల అభిమాని:
కాలక్షేపం అన్న మాటను నేను ఒప్పుకోను. చదువు ఒంటబట్టని రాజకుమారులకు ఆరు నెలల్లో రాజనీతి నేర్పుతానని విష్ణుశర్మ పూనుకున్నది కథలను నమ్ముకునే కదా! 1885లో ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ శాస్త్రవేత్త అర్థంలేని అక్షరాలను తానే కంఠస్థం చేసి చూసుకుంటే, ఒక రోజు గడిచేసరికి మూడింట రెండు వంతుల శ్రమ వృథా అయినట్టు తేలింది. మీ 14 పేజీల ఇంగ్లిషు ఆ కుర్రాడికి ఆ అక్షరాల కంటే ఎక్కువేమీ కాదు. కథ అయితే ఇంటికి వెళ్లి కూడా చెప్పుకుంటాడు.

ఒకే పేజీ:
మరిచిపోతారన్నదే మీ వాదన అయితే, అది కార్డుకే బలం. గుర్తుంచుకోనవసరం లేకుండా చేయడమే దాని పని. పైగా కథ మనసులో ఉన్నది ఉన్నట్టుగా ఉండదు. కేంబ్రిడ్జిలో బార్ట్‌లెట్ ఒక అమెరికన్ ఆదివాసీ కథను చదివించి తిరిగి చెప్పించినప్పుడు, తెలియని వివరాలు రాలిపోయి, చిన్న తెడ్ల దోనె మామూలు పడవగా మారిపోయిందని 1932లో ప్రచురించాడు. మందుల ప్యాకింగ్‌లో అటువంటి మార్పు చెల్లదు. 1935 అక్టోబరు 30న బోయింగ్ మోడల్ 299 విమానం గాలిలోకి లేవగానే కూలింది. గాలికి కదలకుండా నియంత్రణ రెక్కలకు వేసిన లాక్‌ను తీయడం ఆరితేరిన పైలట్లే మరిచారు. ఆ తర్వాతే పైలట్ల చేతికి చెక్‌లిస్టు వచ్చింది.

నీతికథల అభిమాని:
కార్డు గొప్పదనాన్ని మీరు ఒక కథ చెప్పి నిరూపించారు, గమనించారా?

థియేటర్ సిస్టర్ (సికింద్రాబాద్):
ఇద్దరూ ఉద్దండులే గానీ, ఆపరేషన్ థియేటర్ వైపు నుంచి ఒక మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో 19 అంశాల చెక్‌లిస్టు తెచ్చింది. న్యూఢిల్లీతో సహా ఎనిమిది నగరాల్లో ప్రయత్నిస్తే మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయి. అదే పద్ధతిని కెనడాలోని అంటారియోలో 101 ఆసుపత్రుల్లో పరిశీలించి 2014లో ప్రచురించినప్పుడు చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఎందుకన్నదానిపై నిపుణులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. నేను చూసిందయితే ఇది: రోగి పేరు, ఏ వైపు కోత అన్నవి పైకి చదివి సర్జన్‌తో చెప్పించే థియేటర్ ఒక రకం, కేసు అయిపోయాక నర్సు ఒక్కతే కూర్చుని టిక్కులు నింపే థియేటర్ ఇంకో రకం. కాగితం రెండుచోట్లా ఒకటే.

క్యూఏ బల్ల:
నాణ్యత చూసే క్యూఏ విభాగం వైపు నుంచి ఒక చిన్న హెచ్చరిక. డాక్యుమెంట్ నంబరు, వెర్షన్, ఆమోద సంతకం లేని కార్డును మెషీన్‌కు అతికిస్తే ఆడిట్‌లో అది నియంత్రణ లేని పత్రం కింద పట్టుబడుతుంది. ఎంత మంచి కార్డయినా మేము పీకేయవలసిందే. ఎస్‌ఓపీకి అనుబంధంగా చేర్పించుకోండి. కథలకు ఆ బాధ లేదు, బహుశా అందుకే ట్రైనర్లకు అవంటే ఇష్టం.

ప్యాకింగ్ హాల్ (జీడిమెట్ల):
అందరికీ ధన్యవాదాలు. క్యూఏ వారు మా కార్డును ఇప్పటికే ఒకసారి పీకేశారు కనుక ఆ సలహా విలువ నాకు తెలుసు. సిస్టర్ గారి మాట చదివాక, ముందు చెప్పడానికి మొహమాటపడిన సంగతి కూడా చెప్తాను. పోయిన ఏడాది ఒక జట్టుకు, కన్వేయర్ కింద పాత స్ట్రిప్ దొరికిన సంఘటనను బాగా రక్తి కట్టించి చెప్పాను. వారం తర్వాత చూస్తే అందరూ టార్చి పట్టుకుని కన్వేయర్ కిందికే వంగుతున్నారు. లోపమున్న స్ట్రిప్పులు పడే రిజెక్ట్ ట్రేలో పాత బ్యాచ్‌వి రెండు అలాగే ఉన్నాయి. కథ వారికి బాగా గుర్తుంది, చూడవలసిన చోటు మాత్రం ఆ ఒక్కటే అయిపోయింది. తర్వాతి జట్టుకు కార్డు ఇచ్చాను. పదకొండు గళ్లలోనూ ఒకే వాలులో, ఒకే పెన్నుతో, ఒక్క ఊపులో పెట్టిన టిక్కులు.

కనుక ఒకే పేజీ గారితో సగమే ఏకీభవిస్తాను. కార్డు ఉండాలి, కానీ టిక్కు గళ్లు తీసేసి, మెషీన్ దగ్గరికి వెళ్తే తప్ప రాయలేనివి అడగాలి: ఎక్కించిన ఫాయిల్ రీలు మీది బ్యాచ్ నంబరు, రిజెక్ట్ ట్రేలోంచి తీసిన స్ట్రిప్పుల సంఖ్య. కథను ఇండక్షన్ గది నుంచి తీసి లైన్ దగ్గరికి మార్చి, కార్డులో ఆ అంశం వచ్చినప్పుడు, అక్కడే నిలబడి, రెండు నిమిషాల్లో, వీలైతే ఆ పొరపాటు చేసిన ఆపరేటర్ చేతనే చెప్పిస్తాను. ఒక్కో చోటుకు ఒక్కో సంఘటన ఉంటే చూపు కన్వేయర్ కిందే ఆగిపోదనుకుంటున్నాను. గంటన్నర సరిపోదని పెద్దసారుకు వేరుగా రాశాను.

ముసాయిదా తెలుగులో, హిందీలో సిద్ధమైంది. ఒడియా బాగా చదవగలిగినవారు ఎవరైనా ఉంటే చెప్పండి, రిజెక్ట్ ట్రే అన్నదానికి అక్కడి కుర్రాళ్లు వాడే మాట నాకింకా దొరకలేదు.