రికార్డును ఎక్కడ విరవాలి?

మాస్టారూ, మా అబ్బాయి స్కూలు మ్యాగజైన్‌కి ప్రూఫులు చూస్తున్నాను. ఇంగ్లిష్ పేజీలో ‘రికార్డ్’ లైను చివర పడి విరిగింది. ఒకచోట ఆర్, ఇ తర్వాత గీత ఉంది. ఇంకోచోట ఆర్, ఇ, సి తర్వాత. ఏది తప్పు?

*

రెండూ ఒప్పే కావచ్చండి. అక్కడ అది నామవాచకమా, క్రియా అన్నది చూడాలి.

నామవాచకమైతే ఊనిక, అంటే నొక్కి పలకడం, ముందుంటుంది: ‘రెకర్డ్’. ఊనిక పడ్డ ఆ పొట్టి అచ్చు పక్కనున్న ‘క్’ను తనవైపు లాక్కుంటుంది, కాబట్టి గీత సి తర్వాత. క్రియైతే ఊనిక వెనక్కి పోతుంది, ‘రికోర్డ్’. ‘క్’ కూడా దానివెంటే పోతుంది, కాబట్టి గీత ఇ తర్వాత. మెరియమ్-వెబ్‌స్టర్ లాంటి అమెరికన్ నిఘంటువులు పలుకుబడిని బట్టి విరుస్తాయి. ‘ప్రెజెంట్’, ‘ప్రాజెక్ట్’లదీ ఇదే గొడవ.

కంప్యూటర్‌కి వదిలేస్తే? పుస్తకాల పేజీలు కూర్చే ‘టెక్’ సాఫ్ట్‌వేర్ రాసిన డొనాల్డ్ క్నూత్ శిష్యుడు ఫ్రాంక్ లియాంగ్ 1983లో స్టాన్‌ఫర్డ్‌లో ఈ విరుపుల మీదే పీహెచ్‌డీ చేశాడు. ‘టెక్’లో ఉన్నది ఆ పద్ధతే: 4,447 అక్షర నమూనాలు, పైన 14 మాటల మినహాయింపుల జాబితా. నమూనాలకు అక్షరాల వరుసే తప్ప అర్థం తెలియదు. అందుకే ‘ప్రెజెంట్’, ‘ప్రాజెక్ట్’లను అసలు విరవొద్దని ఆ జాబితాలో రాసిపెట్టారు. తెలియనప్పుడు ముట్టుకోకపోవడం నాకు నచ్చిన పద్ధతి.

ఇక అర్థం. లాటిన్‌లో ‘రె’ అంటే మళ్లీ, ‘కోర్’ అంటే గుండె. మళ్లీ గుండెకు తెచ్చుకోవడం, అంటే గుర్తుచేసుకోవడం. మనం ఆ పని ఎక్కువగా కంఠానికి అప్పగించాం, కంఠస్థం అని. వ్యుత్పత్తి ప్రకారం క్రియలో గీత సరైన కీలు మీదే పడుతుంది, నామవాచకంలో గుండెకాయ మధ్యలోంచి పోతుంది.

తెలుగులోకి వచ్చాక ఈ ఊనిక గోలే లేదు. భూమి రికార్డులైనా, ఇంటర్ పిల్లల ప్రాక్టికల్ రికార్డైనా, జాతరలో రికార్డింగ్ డాన్సైనా ఒకటే పలుకుబడి. క్రియ కావాలంటే ‘చేయు’ తగిలిస్తాం.

*

మరి తెలుగులోనే లైను చివర పడితే?

*

నోరు రి-కార్-డు అంటుంది. రాతలో మాత్రం ‘ర్డు’ ఒకే ముద్ద, దాన్ని చీల్చలేం. రి-కా-ర్డు అనే విరవాలి. ‘ర్డు’ ఒక్కటీ కింది లైనులో పడితే చూడ్డానికి బాగుండదు, నేనైతే మాట మొత్తాన్ని కిందికి దించేస్తాను.

ఇంతకీ మీ వాక్యాలేమిటి?

*

మొదటిది పరుగుపందెంలో స్కూల్ రికార్డ్ గురించి. రెండోది టీచర్లు హాజరు రికార్డ్ చేస్తారని.

*

అయితే రెండూ తప్పేనండి! గీతలు తారుమారయ్యాయి. దీనిది దానికి, దానిది దీనికి మార్చండి.