‘జేజి’ తప్పు మాటా?

మా మనవరాలు తిరుపతిలో రెండో తరగతి చదువుతోంది. ఇంటి ఆచారాలను పిల్లలకు చెప్పడానికి పెద్దవాళ్లను బడికి రమ్మంటే, నేనూ వెళ్లి తాతయ్యగుంట గంగమ్మ జాతర కథ చెప్పాను. దాక్కున్న దుర్మార్గపు పాలెగాణ్ణి పట్టుకోవడానికి అమ్మవారు బైరాగి, బండ, తోటి అనే వేషాల్లో తిరిగి, చివరికి దొర వేషంలో బయటికి రప్పించిందని, అందుకే భక్తులు నేటికీ ఆ వేషాలు కడతారని చెబుతుంటే పిల్లలు కదలకుండా విన్నారు. చిక్కు అంతకుముందే వచ్చింది. మనవరాలు నన్ను చూపించి ‘మా జేజి’ అనగానే తరగతి అంతా నవ్వింది. ఒక బాబు నాకు దండం కూడా పెట్టాడు. వాళ్ల ఇళ్లలో జేజి అంటే దేవుడు. ఉపాధ్యాయురాలు, మంచి మనసుతోనే కావచ్చు, గోడపటంలో ‘జేజి’ కొట్టివేయించి ‘నానమ్మ’ అని రాయించారు. ఇది నిజంగా దిద్దవలసిన మాటేనా?

సమాధానం: కాదమ్మా. మాది చిత్తూరు దగ్గరి పల్లె. మా ఇంట్లో నాయన తల్లి జేజి, అమ్మ తల్లి అవ్వ. ‘నానమ్మ’ కూడా ఆ భేదం చెబుతుందనుకోండి, కానీ అది రెండు మాటల అతుకు; జేజి తనంతట తాను నిలిచే మాట. పిల్లలు దేవుణ్ణి జేజి అనడం జేజేలు పలకడం నుంచి వచ్చింది. ఒక రూపానికి రెండర్థాలుండటమే దోషమైతే, తాగే పాలు ఉండగా వాటాను ‘పాలు’ అనడం కూడా మానుకోవాలి.

అర్థం విషయంలో అంత పట్టింపు ఉంటే ముందు ‘తాత’ను దిద్దాలి. సంస్కృతంలో తాత అంటే తండ్రి. ముద్దుగా కొడుకునూ అలాగే పిలుస్తారు. తెలుగులో అదే మాట ఒక తరం పైన ఉండే తల్లిదండ్రుల తండ్రికి చెల్లుతుంది, దాన్ని ఎవరూ తప్పనలేదు. రామానుజులకు మేనమామ అయిన తిరుమల నంబి పాపవినాశన తీర్థం నుంచి అభిషేకానికి నీళ్లకుండ మోసుకొస్తుంటే, స్వామి వేటగాడి రూపంలో ‘తాతా, దాహం’ అని పిలిచాడని, ఆయన తాతాచార్యులైనది ఆ పిలుపుతోనేనని కొండమీది ఐతిహ్యం. తిరుమలలో ఏటా జరిగే తన్నీరముదు ఉత్సవం ఆ కుండ కథదే. సాక్షాత్తూ స్వామి నోట పలికించిన చుట్టరికపు మాట మనది. జేజికి బడిలో చోటు లేదంటే నేను ఒప్పుకోను.

మొదట అడిగినవారు: అయ్యా, మీరు రాసినది చదివి ఈ రోజు మళ్లీ బడికి వెళ్లాను. ‘నానమ్మ’ను తీసివేయవద్దని, పక్కన ‘జేజి’ కూడా ఉంచమని మాత్రమే కోరాను. ఉపాధ్యాయురాలు ఒక అడుగు ముందుకు వేసి, మీ ఇళ్లలో ఏమని పిలుస్తారని పిల్లలందరినీ అడిగారు. పటంలో ఇప్పుడు అవ్వ, బామ్మ, అమ్మమ్మలతో పాటు తమిళం మాట్లాడే ఇంటి పాట్టి, ఉర్దూ ఇంటి దాదీ కూడా ఉన్నారు. దండం పెట్టిన బాబు మాత్రం నన్ను చూడగానే మళ్లీ చేతులు జోడించాడు, నేనూ కాదనలేదు.