బ్రిటిష్ నౌకాదళంలో వైర్‌లెస్: ఘనత జాక్సన్‌దా, మార్కోనీదా?

రేవుదీపం:
వైర్‌లెస్ అనగానే అందరి నోటా మార్కోనీ పేరే. బ్రిటిష్ నౌకాదళం వరకు ఆ ఘనత నౌకాదళ అధికారి హెన్రీ జాక్సన్‌దేనని నా వాదన. డెవన్‌పోర్టులోని టార్పెడో శిక్షణ నౌక డిఫయన్స్‌కు ఆయన అధిపతి. చీకట్లో దూసుకొచ్చే టార్పెడో పడవ మనదో పగవాడిదో పెద్ద ఓడకు తెలిసేదెలా? దీపం చూపితే శత్రువుకూ కనిపిస్తుంది. ఈ చిక్కుకు హెర్ట్‌జ్ తరంగాలు (ఇప్పటి మాటలో రేడియో తరంగాలు) పనికొస్తాయని ఆయనకు 1891లోనే తట్టింది. 1896 ఆగస్టులో డిఫయన్స్ మీద ఒక కొస నుంచి మరో కొసకు సంకేతాలు పంపాడు. మార్కోనీతో పరిచయం అయింది ఆ తరువాతే.

రాగితీగ:
ఓడ పొడవెంతండీ? మార్కోనీ అదే ఏడు సెప్టెంబరులో సాలిస్‌బరీ మైదానంలో మైలున్నర దాటించాడు. పేటెంటు దరఖాస్తు అంతకుముందే, జూన్ 2న పెట్టేశాడు.

కాలేజీ రోజుల్లో గాజు గొట్టంలో ఇనుప రజను పోసి నేనూ ఒక కోహెరర్ (ఆ తరంగాలను పసిగట్టే పరికరం) చేశాను. పక్కన గ్యాస్ లైటరు నొక్కగానే రజను అతుక్కుని బల్బు వెలిగింది. మళ్ళీ ఎంత నొక్కినా మార్పు లేదు. గొట్టాన్ని వేలితో తడితేగానీ బల్బు ఆరదు, రెండో సంకేతం అందదు. అదీ ఒక్కోసారి గట్టిగా, ఒక్కోసారి మెల్లగా! నికెల్, వెండి రజను కలిపి, గొట్టంలో గాలి తీసేసి, దానంతటదే తట్టే చిన్న సుత్తి అమర్చి ఆ తిక్క వస్తువును లొంగదీసుకున్నవాడు మార్కోనీ. ఆలోచన తట్టడం వేరు, రోజూ పనిచేయించడం వేరు.

గంగాతీరం:
జగదీశ్ చంద్ర బోసును ఇద్దరూ మరిచారు. 1895లో కలకత్తా టౌన్ హాలులో గోడల అవతల గంట మోగించాడు. ఆయన ప్రయోగాల గురించి చదివాకే జాక్సన్ కోహెరర్‌తో పని మొదలుపెట్టాడు.

రాగితీగ:
కాదనను. కానీ బోసు గారి దృష్టి మిల్లీమీటర్ల తరంగాల గుణాల మీద. ఓడల మధ్య కబుర్లు ఆయన లక్ష్యం కాదు. అభిమానం కొద్దీ ఆయన చేయని పని అంటగట్టడం ఎందుకు?

రేవుదీపం:
1899 నౌకాదళ విన్యాసాలను చూడండి. అలెగ్జాండ్రా, జూనో, యూరోపా ఓడలకు మార్కోనీ పరికరాలు పెట్టారు. సుమారు 60 నాటికల్ మైళ్ళ దూరం వార్తలు అందాయి. జూనో కెప్టెన్ ఎవరు? జాక్సనే! మార్కోనీ కూడా ఆ ఓడలోనే ఉన్నాడు. మరుసటి ఏడు నౌకాదళం 32 సెట్లకు ఒప్పందం చేసుకుంది. సరుకు మార్కోనీదే, ఒప్పుకుంటాను. లోపల కూర్చుని పై అధికారులను ఒప్పించినవాడు లేకపోతే ఆ సంతకాలు పడేవా?

పాతలంగరు:
బోయర్ యుద్ధం సంగతి ఎవరూ ఎత్తలేదేమి? బోయర్లతో పోరులో బ్రిటిష్ సైన్యం దక్షిణాఫ్రికా నేల మీద వాడబోయిన మార్కోనీ సెట్లు అక్కడ సరిగా పనిచేయలేదు. వాటినే 1900లో మొజాంబిక్ తీరంలోని డెలగోవా అఖాతం దగ్గర కాపలా కాస్తున్న నౌకలకు ఇస్తే పనికొచ్చాయి. అంటే సగం ఘనత తరంగాలను బాగా సాగనిచ్చే ఉప్పునీటిదే.

రాగితీగ:
ఇది బాగుంది. భూమి అడ్డొస్తే, పిడుగులు పడితే సంకేతం ఎంత తగ్గుతుందో ఓడల మీద కొలిచి 1902లో రాయల్ సొసైటీకి పత్రం ఇచ్చింది మాత్రం జాక్సనే. రేవుదీపం గారూ, మీరు మొదట ఎత్తవలసిన పాయింటు ఇది. ఆ డిఫయన్స్ కథ కన్నా గట్టిది.